పొంగడం బావి గుణం కాదు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఈమధ్య ఒక వీడియో వచ్చింది. వరి పొలం గట్టున ఒక బోరు. మోటారు లేదు, కరెంటు తీగ లేదు. కేసింగ్ పైపు నోట్లోంచి నీళ్లు ఎగజిమ్మి చుట్టూ పడుతున్నాయి. పైపుకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. కొట్టిన కొబ్బరికాయ చిప్పలు పక్కనే ఉన్నాయి. కింద “పాతాళగంగ పొంగింది, అందరికీ పంపండి” అని రాసి ఉంది. ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు ఊరుకుంటాడా? “ఇందులో మహిమ ఏమీ లేదు. దీన్ని ఆర్టీసియన్ బావి అంటారు” అని పెట్టాడు. “ఆ పేరేమిటి నాయనా, దగ్గు మందు పేరులాగా ఉంది” అంది మా పెద్దమ్మ. “తనంతట తాను పొంగే బావి అని అర్థం అమ్మమ్మా” అని వాడి జవాబు.

చర్చ అక్కడితో ముగిసింది. దండాలు పెట్టే బొమ్మలు వరసగా పడ్డాయి, ఎవరి పనిలో వాళ్లు పడిపోయారు. నాకు మాత్రం ఆ జవాబు మింగుడు పడలేదు. వాడు లేనిది కల్పించి చెప్పాడని కాదు. బడి పుస్తకాల్లో ఉన్నది అదే, నిఘంటువు తెరిస్తే ముందు కనిపించేదీ అదే. అయినా ఆ అర్థం ఆ మాటకు అన్యాయం చేస్తోందనీ, మాటకంటే ఎక్కువగా నీళ్లకు నష్టం చేస్తోందనీ నా అభిప్రాయం. పొంగడం ఆ బావి గుణం కాదు. కొంతకాలం దానికి పట్టే యోగం మాత్రమే.

ఆర్త్వా అనే చోటు

ఫ్రాన్స్ ఉత్తరపు కొసన, బెల్జియం సరిహద్దుకు దగ్గర్లో, ఆర్త్వా అనే పాత రాష్ట్రం ఉండేది. దాని ముఖ్యపట్టణం అరాస్. రోమన్ల కాలంలో అక్కడ కాపురమున్న అట్రెబాటెస్ అనే తెగ పేరు నోళ్లలో అరిగి ఒకవైపు అరాస్ అయింది, మరోవైపు ఆర్త్వా అయింది. ఆర్త్వాకు చెందినదాన్ని ఫ్రెంచివాళ్లు ‘ఆర్తేజియెన్’ అంటారు. అది ఇంగ్లీషు దారిలో మనదాకా వచ్చి ఆర్టీసియన్ అయింది. అంటే ఆ మాటలో నీళ్లు లేవు, బావి లేదు, పొంగు అసలే లేదు. మనం గద్వాల చీర, ధర్మవరం చీర అన్నట్టు వాళ్లు ఆర్త్వా బావి అన్నారు. (ఈ పేరు ఒక బీరు సీసా మీద కూడా కనిపిస్తుంది. దానికీ ఈ బావులకూ సంబంధం లేదు. అది బెల్జియంలోని ఒక బీరు బట్టీ యజమాని ఇంటిపేరు.)

ఆ ప్రాంతంలోని లిలేర్ అనే చిన్న ఊళ్లో 1126లో క్రైస్తవ సన్యాసులు వేయించిన బావి ఐరోపాలో ఈ తరహా బావుల్లో మొదటిదని చెబుతారు. మనిషి మెట్లు దిగి వెళ్లే బావి కాదది. ములుకు బిగించిన కడ్డీని ఎత్తి ఎత్తి వేసి నేలకు సన్నటి బెజ్జం పెట్టేవారు. ఆర్త్వా నేల తీరు అందుకు బాగా కలిసివచ్చింది. దక్షిణాన ఉన్న గుట్టల మీద సుద్దరాయి బయటికి తేలి ఉంటుంది. వాన నీరు దాంట్లోకి ఇంకుతుంది. ఆ రాతి పొర ఉత్తరానికి వాలుతూ పల్లపు మైదానం కింద బంకమట్టి పొర అడుగుకు చేరుతుంది. ఎగువన ఇంకిన నీరు దిగువన మూత కింద ఇరుక్కుంటుంది. ఆ మూతకు బెజ్జం పెడితే, ఎగువనున్న నీటి బరువంతా వెనకనుంచి నెట్టుతుంది కాబట్టి, లోపలి నీరు పైకి తన్నుకొస్తుంది.

ఊళ్లో తరాలుగా జరిగే పనికి పండితుల పుస్తకాల్లో చోటు దొరికేసరికి చాలా ఆలస్యమైంది. 1729లో బెలిడోర్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఆర్త్వాలోని ఒక మఠం బావి గురించి రాశాడు. 1822లో గార్నియే అనే గనుల ఇంజనీరు ఈ బావులు తవ్వే విద్య మీద ఏకంగా ఒక పుస్తకమే రాసి బహుమతి అందుకున్నాడు. ఆ తరువాత ఈ మాటకు రెక్కలొచ్చాయి. ఫ్రాన్స్ అంతటా పట్టణాలు పోటీపడి నేలకు బెజ్జాలు పెట్టించాయి.

వాటిలో పేరుమోసింది పారిస్‌లోని గ్రెనెల్ బావి. ఒక కబేళా ప్రాంగణంలో 1833లో పని మొదలైంది. మూలో అనే గుత్తేదారు, ఆయనకు వెన్నుదన్నుగా అరాగో అనే ఖగోళ శాస్త్రవేత్త. ఏళ్లు గడిచాయి, నీటి జాడ లేదు. మధ్యలో పనిముట్టు విరిగి అడుగున పడిపోతే దాన్ని పైకి తీయడానికే ఏడాదికి పైగా పట్టింది. డబ్బు తగలేస్తున్నారని తిట్టనివారు లేరు. చివరికి 1841 ఫిబ్రవరి 26న, 548 మీటర్ల లోతున, నీరు పడింది. గోరువెచ్చని నీరు నేల దాటి పైకి చిమ్మింది. ఊరంతా కబేళా ముందుకు చేరింది. ‘ఆర్టీసియన్ అంటే పొంగేది’ అన్న అర్థం జనం మనసులో స్థిరపడింది ఇలాంటి రోజుల్లోనే అని నాకనిపిస్తుంది. పొంగిన రోజున చూడటానికి వచ్చినవాళ్లు, పొంగు తగ్గిన రోజున రాలేదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ముందు తవ్వినవాళ్ల పేరేది?

ఈ పేరు వినగానే కొందరికి పౌరుషం వస్తుంది. మూలం ఫ్రాన్స్‌లో ఉందంటే విద్య కూడా వాళ్లదే అనుకుంటాం కదా. అది నిజం కాదు. పద్నాలుగో శతాబ్దపు అరబ్బు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్, సహారా ఎడారిలోని ఒయాసిస్సుల్లో బావులు ఎలా తవ్వేవారో కళ్లకు కట్టినట్టు రాశాడు. లోతుగా తవ్వుతూ, గోడలకు ఆపు కట్టుకుంటూ, గట్టి రాతి పొర దాకా దిగుతారు. ఆ రాతిని గునపాలతో, గొడ్డళ్లతో చెక్కి చెక్కి పలుచన చేస్తారు. ఆపైన పనివాళ్లంతా బయటికి వచ్చేస్తారు. పైనుంచి ఒక ఇనుప దిమ్మెను జారవిడుస్తారు. ఆ దెబ్బకు రాయి పగులుతుంది, నీరు బావి నిండి పొర్లి నేలమీద కాలువై పారుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది, పనివాళ్లు ముందే పైకి వచ్చేయడం. ఆ రాయి కింద నీరు ఉందని వాళ్లకు తెలుసు. ఉందని మాత్రమే కాదు, అది బిగబట్టుకుని ఉందనీ, అడ్డు తొలగితే మనిషి తాడు పట్టుకుని ఎక్కేలోపే ముంచేస్తుందనీ తెలుసు. ఒత్తిడి అనే మాట వాళ్ల నోట ఉన్నా లేకున్నా ప్రాణాలు కాపాడుకునేంతగా ఆ సంగతి ఎరుగుదురు. గ్రెనెల్ దగ్గర చప్పట్లు కొట్టిన పెద్దమనుషుల కంటే ఈ ఎడారి కూలీలకు విషయం బాగా అర్థమైందని నా నమ్మకం.

ఇటలీలోని మొదెనా పట్టణానిదీ ఇదే కథ. అక్కడ ఇలాంటి బావులు ఎంత మామూలంటే, బావులకు బెజ్జం వేసే రెండు బర్మాలు ఊరి రాజముద్రలోకే ఎక్కాయి. 1691లో రామజ్జీనీ అనే వైద్యుడు ఆ బావుల మీద ఒక గ్రంథమే రాశాడు. పేరు మాత్రం మొదెనాకు దక్కలేదు, సహారాకు దక్కలేదు. పుస్తకాలు అచ్చేసి, బహుమతులిచ్చి, రాజధాని నడిబొడ్డున బావి వేసి చూపించిన దేశానికి దక్కింది.

నాకు దీనిమీద పెద్దగా కోపం లేదు. భూగర్భ శాస్త్రం నిండా ఇలాంటి పేర్లే. ఐస్‌లాండ్‌లో వేడినీళ్లు చిమ్మే ఒకే ఒక్క బుగ్గ పేరు గెయ్సిర్. అది ఊళ్లు తిరిగి మన స్నానాల గదిలో గీజర్ అయి కూర్చుంది. గోండుల పేరు మీద గోండ్వానా అన్నారు, ఇప్పుడు దక్షిణార్ధగోళపు ఖండాలన్నీ ఒకప్పుడు ఆ పేరుగల మహాఖండంలో భాగాలు. విశాఖ కొండల రాయికి ఖోండులనే గిరిజనుల పేరు పెట్టి ఖోండలైట్ అన్నారు. ఆర్త్వా పేరు మనం వాడుతున్నాం, గోండుల పేరు ప్రపంచం వాడుతోంది. లెక్క సరి. కాబట్టి ఈ మాటను తరిమేసి కొత్త తెలుగు మాట పుట్టించాలన్నది నా వాదన కాదు. బుగ్గ, ఊట, చెలమ మనకు ఉన్నాయి, చక్కటి మాటలు. కానీ అవి నేల తనంతట తాను ఇచ్చిన నీటి పేర్లు. మహానంది కోనేట్లోకి వచ్చే నీరు బుగ్గ. తాడిపత్రి రామలింగేశ్వరుడు బుగ్గ రామలింగేశ్వరుడే. కడప ఊళ్లోంచి పారేది బుగ్గవంక. మనిషి బర్మా వేసి మూత పగలగొట్టిన చోటును బుగ్గ అనడం నాకు అంత రుచించదు. ఆ పేరు పెడితే మనం చేసిన పని ప్రకృతి ఖాతాలోకి వెళ్లిపోతుంది.

మూడు వందల్లో పడి అరవైలో నిలిచినవి

అయితే ఆర్టీసియన్ అంటే అర్థం ఏమిటి? నా జవాబు ఫ్రాన్స్‌లో లేదు, నల్గొండ జిల్లాలో మా బాబాయి పొలంలో ఉంది.

అది చెలక భూమి, కింద నల్లరాయి. బోరు బండి పొద్దుపోయాక వచ్చింది. అంతకుముందే ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగి, అది నిలబడ్డ చోట సున్నం ముగ్గు వేసి వెళ్లాడు. అడ్డంగా ఉన్న కాయ నిలువుగా ఎందుకు లేచిందని నేనడిగితే మా పిన్ని కళ్లతోనే నా నోరు మూయించింది. కంప్రెసర్ మోతకు పక్కవాడి మాట వినపడదు. బెజ్జంలోంచి బూడిదరంగు పొడి దుమ్ము లేస్తూ ఉంది. రాడ్డుకు ఇరవై అడుగుల లెక్కన బాబాయి వేళ్లు మడుస్తున్నాడు. పద్నాలుగు రాడ్లు దిగాయి, దుమ్మే. పదిహేనోది దిగుతుండగా దుమ్ము ఆగి, ముద్దముద్దగా బురద ఎగిరి, దాని వెనకే నీళ్లు వచ్చాయి. “రెండించులు ఖాయం” అన్నాడు బండివాడు. బాబాయి తలమీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఏడ్చాడో చెమటో చీకట్లో తెలియలేదు.

అసలు సంగతి తెల్లవారాక. తాడుకు రాయి కట్టి బోరులోకి వదిలితే అరవై అడుగుల దగ్గరే నీళ్ల చప్పుడైంది. రాత్రి మూడు వందల అడుగుల్లో పడిన నీళ్లు పొద్దుటికి అరవైకి ఎలా వచ్చాయి? బండివాడికి ఇది వింత కాదు. “కిందివి పైకి తన్నాయి” అన్నాడు, రాడ్లు బండికి ఎక్కిస్తూ. పై పొరల ఊట జారి నిండిందేమో అన్న అనుమానం సబబే, అలా నిండే బోర్లూ ఉంటాయి. ఇక్కడ పైభాగమంతా పొడి దుమ్మే కదా, జారడానికి ఊట ఎక్కడిది? మూడు వందల అడుగుల కింద రాతి పగులులో నీరు బిగబట్టుకుని ఉంది. దారి దొరకగానే తన ఒత్తిడి ఎంతవరకు నెట్టగలదో అంతవరకు లేచి ఆగింది.

శాస్త్రం ప్రకారం ఇదే ఆర్టీసియన్ లక్షణం. నీటిని సులువుగా పోనివ్వని రెండు పొరల మధ్య బంధించి ఉన్న నీటికి బెజ్జం పెడితే, నీరు తానున్న పొర పైఅంచును దాటి లేవాలి. ఎంత లేచినా సరే. నేల దాటాలన్న షరతు లేదు. దాటితే అది పొంగే ఆర్టీసియన్ బావి, దాటకపోతే పొంగనిది. నీరు లేవగల ఎత్తును ఒత్తిడి మట్టం అనుకుందాం. ఆ మట్టం నేలకు పైన ఉందా కింద ఉందా అన్నది మన నేల ఎత్తును బట్టి ఉంటుంది, నీటి గొప్పతనాన్ని బట్టి కాదు. ఆ పగులు సాగి ఉండి, మా బాబాయి పొలమే డెబ్బై అడుగుల పల్లంలో ఉంటే, అదే బోరు పొంగేది. పసుపు కుంకుమలూ పడేవి. అరవై అడుగుల్లో నిలిచింది కాబట్టి దానికి మోటారు పడింది.

తిరగేసి చూసినా అంతే. పొంగే ప్రతి బోరూ ఆర్టీసియన్ కాదు. 2021 నవంబరులో రాయలసీమను వానలు ముంచెత్తినప్పుడు మోటారు వేయకుండానే చాలా బోర్లు పొర్లాయి. తిరుపతిలో ఒక ఇంటి నీటితొట్టి సిమెంటు వరలతో సహా నేలలోంచి పైకి లేచి నిలబడితే జనం గుంపులుగా వెళ్లి చూశారు. నేలంతా నీటితో నానిపోయి, కింది నీరు ఆ తొట్టిని పైకి తోసింది. వాన వెలిసి నెలలు గడిస్తే ఆ బోర్లకు మళ్లీ మోటారే దిక్కు. కొండల నడుమ పల్లాల్లో పైన మూత పొర ఏదీ లేకుండానే పొంగే బోర్లూ ఉంటాయి. పొంగు లేని ఆర్టీసియన్ ఉంది, ఆర్టీసియన్ కాని పొంగూ ఉంది. మరి ‘తనంతట తాను పొంగే బావి’ అన్న అర్థం దేనికి సరిపోయినట్టు?

ఇది చాలదన్నట్టు ఈ మాటకు మరో రెండు అర్థాలు అంటుకున్నాయి. ఒకటి, బాగా లోతైన బోరు. అమెరికాలో ఎంతోకాలంగా అలా వాడేవాళ్లున్నారు. రెండోది, స్వచ్ఛమైన నీరు. ఖరీదైన సీసాల మీద ‘ఆర్టీసియన్ వాటర్’ అని చూసి కొండదేవత చేత్తో నింపినట్టు ఊహించుకుంటాం. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ నిబంధన చదివితే మత్తు దిగుతుంది. బంధించి ఉన్న పొరలోంచి తీసిన నీరై, బావిలో ఆ పొర పైఅంచు దాటి నిలిస్తే చాలు, సీసా మీద ఆ మాట రాసుకోవచ్చు. పొంగాలని గాని, మిగతా నీళ్లకంటే మేలైనదిగా ఉండాలని గాని లేదు. ఆ కొలత ప్రకారం మా బాబాయి బోరు నీళ్లు కూడా సీసాలో పోసి అమ్మవచ్చు, ఫ్లోరైడు సంగతి అడగకపోతే.

పొంగు ఎక్కడికి పోయింది

ఇప్పుడు గ్రెనెల్ సంగతి. పారిస్ అక్కడితో ఆగలేదు. మూడు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పాసీలో మరో బావి మొదలుపెట్టారు. 1861లో అక్కడ నీరు పడింది. కొద్ది రోజుల్లోనే గ్రెనెల్ పొంగు తగ్గింది. రెండు బావులూ ఒకే పొర నీరు తాగుతున్నాయి. పేరు మీద రెండు, కింద ఒక్కటే. అంత ఖరీదుపెట్టి తవ్విన బావి ఘనత ఇరవై ఏళ్లకే పంచుకోవాల్సి వచ్చింది.

అమెరికాలోని డకోటా మైదానాల్లో 1880లలో వేసిన బావులు ఎంత జోరుగా చిమ్మాయంటే ఆ ధారతో యంత్రాలు తిప్పుకున్నారు. కొన్ని దశాబ్దాలకే ఒత్తిడి పడిపోయింది, చాలా బావులకు పంపులు బిగించాల్సి వచ్చింది. ఆస్కార్ మైంజర్ అనే భూజల శాస్త్రవేత్తకు దాంట్లో ఒక లెక్క తేలలేదు. ఎగువనుంచి వచ్చి చేరగల నీటికంటే బయటికి పోయిన నీరు చాలా ఎక్కువ. ఆ అదనపు నీరు ఎక్కడిది? 1928లో ఆయన చెప్పిన జవాబు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఆ రాతి పొరకు సాగే గుణం, నలిగే గుణం ఉన్నాయి. ఒత్తిడితో నిండి ఉన్నంతకాలం నీరే పైనున్న భూభారాన్ని కొంత మోస్తుంది. బావి తెరిచి ఒత్తిడి వదిలేస్తే పొర కొద్దిగా కుంగి, తనలోని నీటిని పిండి బయటికి పంపుతుంది. అంటే తొలినాళ్లలో ఎగజిమ్మేది అంతా ఏటేటా వచ్చే ఆదాయం కాదు. అందులో పెద్ద భాగం నేల బిగింపు సడలడం వల్ల వచ్చింది. వెనిస్ దగ్గర పరిశ్రమల కోసం ఇలాంటి పొరల్లోంచి ఇరవయ్యో శతాబ్దం మధ్యలో విపరీతంగా తోడితే, అసలే నీళ్లలో ఉన్న ఆ నగరం మరికొన్ని సెంటీమీటర్లు కుంగింది. బావులు మూశాక పైకి లేచింది కొంచెమే.

మనకు దగ్గర్లో, తమిళనాడులోని నైవేలి లిగ్నైటు (గోధుమరంగు బొగ్గు) గనికి వెళితే ఇదే ఒత్తిడి శత్రువు వేషంలో కనిపిస్తుంది. లిగ్నైటు పొర కింద ఉన్న నీటి పొర చదరపు సెంటీమీటరుకు 6 నుంచి 8 కిలోల ఒత్తిడితో పైకి నెట్టుతూ ఉంటుంది. రాత్రీ పగలూ తోడి ఆ ఒత్తిడిని తగ్గించి ఉంచకపోతే గని అడుగు ఉబ్బి పగులుతుంది. 1930లలో అక్కడ లిగ్నైటు బయటపడిందే బోరు నీళ్లలో నల్లటి రేణువులు కనిపించడం వల్ల. ఒకే నీరు, ఒకే ఒత్తిడి. రైతుకు వరం, గనివాడికి గండం.

ఆస్ట్రేలియా గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అన్నిటికంటే పెద్ద పాఠం. సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆ ఖండంలో ఐదో వంతుకు పైన. 1878లో న్యూ సౌత్ వేల్స్‌లో బర్క్ అనే ఊరి దగ్గర మొదటి బోరు పొంగింది. గొర్రెల మందలున్న దొరలు ఊరుకోలేదు. వేల బోర్లు వేశారు. మోటారు ఖర్చు లేదు కాబట్టి కట్టేసే పనీ లేదు. మట్టి కాలువలు తీసి, మైళ్ల కొద్దీ నీటిని అలా వదిలేశారు. తొంభై శాతానికి పైగా ఎండకు ఆవిరై, ఇసుకలో ఇంకి పోయింది. ఎడారి నడుమ అక్కడి ఆదివాసులు వేల ఏళ్లుగా పవిత్రంగా చూసుకున్న బుగ్గలు కొన్ని ఎండిపోయాయి. వాటికి పేర్లున్నాయి, కథలున్నాయి. బోర్ల యజమానులు వాటిని లెక్కలో వేసుకోలేదు. నూరేళ్లు దాటాక, 1999 నుంచి, ప్రభుత్వాలు రైతులతో ఖర్చు పంచుకుని బోర్లకు మూతలు, కాలువల స్థానంలో గొట్టాలు వేయించాయి. చాలాచోట్ల ఒత్తిడి తిరిగి పెరిగింది.

ఎదురు వాదన

మా మేనల్లుడికి ఇదంతా ఫోనులో చెబితే వాడు తేలిగ్గా లొంగలేదు. “మామయ్యా, మామూలు మనిషికి కనిపించేది పొంగు. ఒత్తిడి కనిపించదు. కనిపించే దానికే కదా పేరు పెడతాం?” అన్నాడు. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. సహారా కూలీలు కూడా పొంగు కోసమే దిగారు, ఒత్తిడి కోసం కాదు. “పైగా కొన్నిచోట్ల తరతరాలుగా ఆగకుండా పొంగుతున్నాయి కదా” అని ఇంకోటి వేశాడు. అదీ నిజమే. ఏటా ఇంకే నీటికీ బయటికి పోయే నీటికీ సరిపడ్డ చోట పొంగు నిలుస్తుంది. బుగ్గల విషయంలో ఎక్కువగా జరిగేది ఇదే. దానికి కారణం అక్కడ బెజ్జాల మీద బెజ్జాలు పడకపోవడం.

లండన్ ఉదాహరణ నా వాదనకు కొంత ఎదురుతిరుగుతుంది కూడా. ఆ నగరం కింద సుద్దరాతిలోని నీటిని పరిశ్రమలు నూరేళ్లకు పైగా తోడి మట్టాన్ని బాగా కిందికి దింపేశాయి. 1960ల తరువాత పరిశ్రమలు తగ్గితే నీరు మళ్లీ లేవసాగింది. ఎంతగా లేచిందంటే భవనాల పునాదులకూ, సొరంగ రైలు దారులకూ ముప్పని భయపడి, కావాలనే తోడి ఆపాల్సి వచ్చింది. కాబట్టి పోయిన ఒత్తిడి ఎప్పటికీ రాదని నేననను. వచ్చే చోట వస్తుంది. అయితే అది కూడా నేను చెప్పేదాన్నే బలపరుస్తుంది. పొంగు వస్తుంది, పోతుంది. దాని మీద ఆధారపడి బావి జాతిని నిర్ణయించలేం.

నాకు పేచీ ఎందుకంటే, ‘తనంతట తాను పొంగేది’ అన్న వర్ణనలో ఒక అభయం దాగి ఉంది. తనంతట తాను అంటే ఎవరి ఖర్చూ లేదని, ఎప్పటికీ అంతేనని చెవికి వినిపిస్తుంది. గోదావరి లోయలో, కొత్తగూడెం జిల్లాలోనూ దాన్ని ఆనుకున్న ఆంధ్ర మెట్ట ప్రాంతంలోనూ, గోండ్వానా ఇసుకరాతి పొరల్లో ఇలా పొంగే బోర్లు ఉన్నాయి. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు జాడ కోసం వేసిన బోరులోంచి వేడినీళ్లే వచ్చాయి, వాటితో కరెంటు తీసే ప్రయోగమూ జరిగింది. ఆ వైపు ఒక ఊళ్లో నేను చూసిన బోరు కోతలయ్యాక కూడా రాత్రింబవళ్లు పోస్తూనే ఉంది. నీళ్లు దారి దాటి, జమ్ము పెరిగిన గుంటలో నిలిచి, అక్కడినుంచి వాగులోకి పోతున్నాయి. పైపు చుట్టూ నాచు పట్టి జారుతోంది. ఆడవాళ్లు దాని కింద బిందెలు పెట్టి, నిండేలోపు కబుర్లు కూడా మొదలుపెట్టే వీల్లేనంత జోరు.

“దీనికి గేటు వాల్వు పెట్టించకూడదా?” అని ఆ రైతును అడిగాను. ఆయన చెప్పిన అభ్యంతరాలు మూడూ గట్టివే. కేసింగ్ పాతది, పైన బిగిస్తే పైపు పక్కనుంచి తన్ని పొలం గుల్ల చేస్తుందట. ఇది జరిగేదే. ఆస్ట్రేలియాలో కూడా తుప్పు పట్టిన బోర్లకు మూత పెట్టడానికి ముందు లోపల కొత్త పైపు దించాల్సి వచ్చింది. రెండోది, గంగమ్మ నోరు మూస్తే కీడని ఇంట్లో పెద్దావిడ పట్టు. దానికి నేను తలూపి ఊరుకున్నాను. మూడోది: “నేను కట్టేస్తే నా నీళ్లు పక్కాయన బోరులో పోస్తాయి. అప్పుడు నాకేం మిగిలింది?”

ఈ మూడో ప్రశ్నకు నా దగ్గర ఎదురు సమాధానం లేదు, గ్రెనెల్ పాసీల కథ ఆయన పక్షాన్నే ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం తన భూమి కింద నిర్ణీత దారి లేకుండా ఉన్న నీటిని తోడుకునే హక్కు ఆ భూమి యజమానిది. నీరు, భూమి, చెట్ల కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం బోర్ల అనుమతి గురించీ, వాటి మధ్య దూరం గురించీ మాట్లాడుతుంది. ఒక్క రైతు మంచితనంతో తన బోరు కట్టేస్తే నష్టపోయేది ఆయనే. ఆ పొర మీద ఉన్న బోర్లన్నిటికీ ఒకేసారి కొత్త కేసింగ్, గేటు వాల్వు, పక్కన ఒక ప్రెషర్ గేజి పెట్టాలి. గేజి ముల్లు ఏడాదికేడాది ఎటు కదులుతోందో పంచాయతీ పుస్తకంలో రాయాలి. డ్రిప్పు పరికరాలకు రాయితీ ఇస్తున్న రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకు దీని ఖర్చు మోయలేనిది కాదు. పొంగే బోర్లున్న ఊళ్లు గోదావరి లోయలో ఏవో భూజల శాఖవాళ్లకు తెలిసినవే కనుక, వెతకడంతో మొదలుపెట్టాల్సిన అవసరం కూడా లేదు.